జెర్సీ కింద కుట్టిన మాట

చాముండేశ్వరికి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. ఆర్మూరులో బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని, చిరిగిన జాకెట్టును దారం దారం ఊడదీసి, ఏ ముక్క ఎక్కడ అతికిందో చూసుకుని, మళ్ళీ కుట్టి తనంతట తానే నేర్చుకుంది. ఏదైనా సరే, ఎట్లా ఊడుతుందో తెలిసినవాళ్ళకే ఎట్లా నిలుస్తుందో తెలుస్తుందని ఆమె నమ్మకం. పెళ్ళయ్యాక భర్త రాధాకృష్ణ వెంట షార్జాకు వచ్చింది. అతను సోనాపూర్ దగ్గర బస్సుల షెడ్డులో మెకానిక్. ఆమె అల్ నహ్దాలో ఒక భవనం కింద, నెల్లూరు మనిషి దిల్షాద్ బేగంతో కలిసి కుట్టు దుకాణం పెట్టుకుంది. దిల్షాద్ కత్తిరిస్తుంది, చాముండి కుడుతుంది. మాటలు మాత్రం దిల్షాద్ వంతు.

త్రోబాల్ కూడా చాముండి అట్లాగే నేర్చుకుంది. బళ్ళో టెన్నికాయిట్ ఆడిన చేతులు, పొడుగు మనిషి. అల్ నహ్దాలోని ఒక బడి ఆవరణలో తెలుగు ఆడవాళ్ళు శుక్రవారాలు ఆడుతుంటే గోడవతల నిలబడి చూసింది. రెండో వారం లోపలికి వెళ్ళి అడిగింది. మూడో ఏటికి ఆమె లేకుండా ఆ జట్టు బరిలోకి దిగేది కాదు. ఆమె గొప్పంతా విసరడంలో లేదు, పట్టడంలో ఉంది. నేలకు జానెడు ఎత్తులో వచ్చే బంతిని కూడా వేళ్ళ చివర ఆపేది.

ఆ ఆటలో బంతిని రెండు చేతులతోనే పట్టాలి. అరచేతులు, వేళ్ళు తప్ప ఒంట్లో మరెక్కడ తగిలినా పాయింటు పోతుంది. వీళ్ళ ఆటకు రిఫరీ ఒక్కడే. వలకు ఒక పక్కన నిలబడతాడు, అన్నీ చూడలేడు. అందుకని మొదటినుంచీ ఒక ఆచారం పెట్టుకున్నారు. బంతి ఒంటికి తగిలితే, తగిలినవాళ్ళే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే అక్కడితో ఖలాస్, వాదన లేదు. ఎత్తకపోతే తగల్లేదనే లెక్క. అవతలి జట్టు నోరు మెదపకూడదు.

2020 ఫిబ్రవరిలో అక్కడి తెలుగు ఆడవాళ్ళ జట్ల పోటీ ఫైనల్ జరిగింది. అవతలి జట్టు కెప్టెన్ శ్రీసుధ. కాకినాడ పిల్ల, ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేసేది. ఆట తెలిసిన మనిషి, అందులో అనుమానం లేదు. రెండో సెట్టులో బంతి తన మోచేతికి తగిలిందని ఎవరూ అడగకుండానే చెయ్యెత్తింది. ఎవరికీ కనబడని తాకుడు అది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మూడో సెట్టు ఆఖర్లో రెండు జట్లూ సమానంగా నిలిచాయి. శ్రీసుధ విసిరిన బంతి చాముండి కాళ్ళ ముందు పడబోయింది. దాన్ని అందుకోబోయి చాముండి ఒక మోకాలి మీద నేలకు పడింది. కింద సిమెంటు. మోకాలి చిప్ప చిట్లిన చప్పుడు ఆమెకే వినిపించింది, అయినా బంతి రెండు చేతుల్లో ఉంది, పొట్టకు బెత్తెడు దూరంలో. పడడంలో పక్కకు తిరగడంతో రిఫరీకి ఆమె వీపు అడ్డం. సరిగ్గా అప్పుడు వలకు అవతల శ్రీసుధ చెయ్యెత్తింది.

“తగిలింది” అంది. “ఆమె పొట్టకి తగిలింది. నేను చూశాను.”

ఒకరి తరఫున ఇంకొకరు చెయ్యెత్తడం అంతవరకూ ఎవరూ చూడలేదు. రిఫరీ తికమకపడ్డాడు. చాముండి లేవలేక, మోకాలు పట్టుకుని, తగల్లేదు అంది. రిఫరీ ఇద్దరి మొహాలూ చూశాడు. ఒకరు కాసేపటి కిందటే తన మీద తాను చెయ్యెత్తిన మనిషి. ఇంకొకరు నేల మీద కూర్చుని కాదంటున్న మనిషి. పాయింటు శ్రీసుధకు ఇచ్చాడు. కప్పు కూడా దాంతోనే పోయింది.

కప్పు పోతే పోయింది. కానీ పేరు పోయింది. ఆ మర్నాటి నుంచి ఆమె ‘టచ్ చాముండి’. మస్కట్ వెళ్ళాల్సిన ఎమిరేట్స్ తెలుగు జట్టును శ్రీసుధే ఎంపిక చేసింది, అందులో చాముండి లేదు. మార్చిలో కరోనా వచ్చి మస్కట్ పోటీ జరగనేలేదు. జరగని పోటీకి కూడా తనను తీసుకోలేదు కదా అని చాముండి మాస్కులు కుడుతూ ఎన్నిసార్లు అనుకుందో. మోకాలు మళ్ళీ మునుపటిలా కాలేదు. అందరూ మళ్ళీ ఆడడం మొదలుపెట్టేసరికి ఆమె మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకుంటోంది. ఆడి చూపించి పేరు కడుక్కునే దారి కూడా మూసుకుపోయింది. బడి ఆవరణలో చిన్నపిల్లలు సైతం ఆమెను ‘టచ్ ఆంటీ’ అనేవాళ్ళు. వాళ్ళకు అదేదో ముద్దుపేరు.

కరోనా తర్వాత చాలామంది వీసాలు రద్దయి వెళ్ళిపోయారు. సెలవు దినాలు మారిపోయి శుక్రవారం ఆట ఆదివారం ఆట అయింది. వెళ్ళినవాళ్ళ పేర్లయినా మిగలాలని బృందం పెద్ద అనంతలక్ష్మి ఒక పని మొదలుపెట్టింది. ఆమెకు దుబాయ్ కరామాలో టిఫిన్ హోటల్ ఉంది. ఆట మానేసినవాళ్ళలో ఏడాదికి ఒకరి జెర్సీని అద్దం కట్టించి ఆ హోటల్ గోడకు ఎక్కించాలి. జెర్సీ కింద ఒక గుడ్డముక్క, దాని మీద ఆ మనిషి ఆట గురించి ఒక్క వాక్యం. దాన్ని దారంతో కుట్టేది చాముండి.

మొదటి ఏడాదే గొడవైంది. సొంత జట్టువాళ్ళు తమ మనిషిని ఆకాశానికెత్తారు. విసుగెత్తి అనంతలక్ష్మి ఒక నియమం పెట్టింది. “మన పిల్లని మనం పొగుడుకుంటే గోడంతా అబద్ధాలే అవుద్ది. సొంత జట్టువాళ్ళు నోరెత్తద్దు. వలకి అవతల నిలబడి దెబ్బ తిన్నవాళ్ళు చెప్పాలి. ఆ వాక్యమే కుట్టాలి, కింద వాళ్ళ పేరే ఉండాలి. అక్షరం మార్చకూడదు. నచ్చకపోతే ఆ ఆటగత్తె ఈ గోడే నాకొద్దనుకోవచ్చు.”

అందరూ బాగుందన్నారు. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఊళ్ళో అయితే పగవాడు చచ్చేదాకా పక్కింట్లోనే ఉంటాడు. దుబాయ్‌లో పగవాడు కూడా వీసా ఉన్నంతవరకే.

2024 చలికాలం వచ్చేసరికి అది తెలిసొచ్చింది. శ్రీసుధ ఆట మానేసింది. నాలుగు కప్పులు గెలిచిన మనిషి, గోడకు ఆమె కాక ఎవరన్నారు. కానీ ఆమెకు ఎదురాడినవాళ్ళు ఎవరున్నారని చూస్తే ఒకరు కెనడాలో, ఒకరు హైదరాబాదులో, మిగిలినవాళ్ళు ఎక్కడెక్కడో. వలకు అవతల నిలబడి ఆమెతో పూర్తి ఫైనల్ ఆడి, ఇంకా ఇక్కడే ఉన్నది ఒక్కతే. చాముండి.

అనంతలక్ష్మి స్వయంగా దుకాణానికి వచ్చింది. పొట్లంలో మైసూర్‌పాకు తెచ్చింది.

“నీకు దాని మీద కోపం ఉందని తెలుసే చాముండీ. ఉండదా మరి. కానీ ఆట ఆటేగా. ఆదివారం మా హోటల్లో అందరం కూర్చుంటాం, వచ్చి ఒక్క వాక్యం చెప్పు.”

“చెప్పకుంటే?”

“చెప్పేవాళ్ళు లేకపోతే ఈసారి తన్మయిని ఎక్కిస్తాం, అదీ ఆట మానేసిందిగా. తన్మయికి ఎదురాడినదాన్ని నేనున్నాగా.”

చాముండి మిషను ఆపలేదు. “ఆదివారం వస్త. గప్పుడు చెప్త” అంది.

అనంతలక్ష్మి గుమ్మం దాటిందో లేదో దిల్షాద్ కత్తెర కింద పెట్టింది.

“ఏం మే, ఆ మైసూర్‌పాకు చూసి మెత్తబడ్డావా ఏంది?”

“పాకు గట్టిగున్నది. నేను మెత్తబడలే.”

“మరి పోతానంటివే. నోరు మూసుకొని ఇంట్లో కూర్చో. నువ్వు నోరిప్పకపోతే దానికి గోడ లేదు, మేకు లేదు. దేవుడు నీ చేతిలో పెట్టినాడబ్బా తాళం. యల్లా, పద, తన్మయి జెర్సీ తెచ్చి కుట్టేద్దాం.”

చాముండి దారం తెంపింది. “నేను నోరిప్పకపోతే వారం రోజులు ముచ్చట పెట్టుకుంటరు. టచ్ చాముండి కుళ్ళుకున్నదంటరు. తర్వాత మర్చిపోతరు. ఆమెకేమో గోడ ఒక్కటే తక్కువ, నాకేమో పేరు గట్లనే ఉంటది.”

“అయితే ఏం చేస్తావు?”

“కుడత” అంది చాముండి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం శ్రీసుధ వచ్చింది, జెర్సీ పట్టుకుని. పదిహేడో నంబరు, చంకల దగ్గర రంగు వెలిసింది. ఎవరి పేరు గోడకెక్కినా ముందే జెర్సీ చాముండికి అప్పజెప్పడం రివాజు, కానీ ఎప్పుడూ అనంతలక్ష్మే పంపేది. శ్రీసుధ కుర్చీలో కూర్చోలేదు.

“చాముండక్కా, ఆ రోజు నాకు నిజంగా తగిలినట్టే కనిపించింది.”

“కనిపించిందా? కనిపించాలనుకున్నవా?”

శ్రీసుధ జెర్సీని మడతపెట్టి మళ్ళీ విప్పింది. “ఇన్నేళ్ళయింది కదక్కా. ఇప్పుడు అవన్నీ ఎందుకు?”

“నీకు ఇన్నేళ్ళయింది. నాకు మెట్లెక్కినప్పుడల్లా గా రోజే.” చాముండి జెర్సీ అందుకుని కుట్లు వెనక్కి తిప్పి చూసింది. “రెండో సెట్టుల నీ మోచేతికి తగిలిందని నువ్వే చెయ్యెత్తినవ్. అది నిజమేనా?”

“నిజమే అక్కా. ఒట్టు.”

“నాకెర్కే. నిజం చెప్పినవ్ కాబట్టే తర్వాత అబద్ధం నమ్మిన్రు. అబద్ధాలకోరు చెయ్యెత్తితే ఎవడు నమ్ముతడు?”

శ్రీసుధ కళ్ళల్లో నీళ్ళేమీ రాలేదు. ఆమె అంత తేలిగ్గా ఏడ్చే మనిషి కాదు, ఆ సంగతి చాముండికీ తెలుసు. “నువ్వేం చెప్తావో నేనడగను” అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి చాముండి పని తీరిక దొరికినప్పుడల్లా తెల్ల పాప్లిన్ ముక్క ముందేసుకుని కూర్చుంది. నియమం ప్రకారం వాక్యం సభలో చెప్పాలి, అందరూ విన్నాక కుట్టాలి. ఆమె ముందే కుట్టి తీసుకువెళ్ళాలనుకుంది. చెప్పిన మాటను నలుగురూ కలిసి సర్దుతారు, నునుపు చేస్తారు, చివరికి పెళ్ళి శుభలేఖలా తయారుచేస్తారు. కుట్టిన మాటను సర్దాలంటే ముందు ఊడదీయాలి.

విషమంతా ఒక్క వాక్యంలో పోసేద్దామని మొదలుపెట్టింది. సుద్దముక్కతో గుడ్డ మీద రాసుకుంటూ, దులిపేస్తూ రెండు రోజులు గడిపింది. ‘దొంగ’ అని రాస్తే తిట్టు అవుతుంది, తిట్టును తీసేయమంటారు. ఆ పాయింటు గురించి మాత్రమే రాస్తే ఆట గురించి కాదంటారు. ఆట గురించి రాయాలంటే ఉన్నది రాయాలి. ఉన్నదేమిటంటే శ్రీసుధ లాంటి విసురు ఆమె మళ్ళీ చూడలేదు. బంతి ఎటు పోబోతోందో ఎవరి భుజమైనా ముందే చెప్పేస్తుంది. శ్రీసుధ భుజం చెప్పేది కాదు. ఆ మాటను తక్కువ చేసి రాయబోతే చాముండి చెయ్యి ముందుకు సాగలేదు. వంకర కుట్టు వేసి ఇది తిన్నగానే ఉందని గిరాకీకి ఇచ్చినట్టనిపించింది. పళ్ళు బిగబట్టుకుని ఆ మెచ్చుకోలు కూడా కుట్టింది. ఆ సగం వాక్యం కుట్టినంతసేపూ దిల్షాద్ మీద అకారణంగా విసుక్కుంటూనే ఉంది.

“పొగిడేది నువ్వు, పడేది నేనా? బాగుందబ్బా” అంది దిల్షాద్.

అంతకుముందు గోడకెక్కినవాళ్ళ వాక్యాలన్నీ చాముండి గొలుసు కుట్టుతో కుట్టింది. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఒక కొస దొరికితే లాగేయొచ్చు, వాక్యం మొత్తం ఊడి చేతికొస్తుంది. ఈసారి బఖియా వేసింది. ప్రతి కుట్టూ వెనక్కి వచ్చి ముందు కుట్టును పట్టుకుని మళ్ళీ ముందుకు పోతుంది. దాన్ని ఊడదీయాలంటే ఒక్కో కుట్టూ కోయాలి. కోస్తే గుడ్డకు తూట్లు మిగులుతాయి.

ఆదివారం కరామా హోటల్లో మధ్యాహ్నం భోజనాల గిరాకీ తగ్గాక బల్లలు కలిపారు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. శ్రీసుధ నియమం ప్రకారం చర్చలో కూర్చోకుండా అవతల గల్లాపెట్టె దగ్గర కుర్చీలో కూర్చుంది. మాటలు వినబడని దూరం కాదు. అయినా అందరూ వినబడనట్టే మాట్లాడుకున్నారు.

ముందు తన్మయి పేరు వచ్చింది. తన్మయి పన్నెండేళ్ళు ఆడింది, ఒక్క కప్పూ గెలవలేదు.

“కప్పు లేనోళ్ళని గోడకెక్కిస్తే రేపు స్కోరు రాసినోళ్ళనీ ఎక్కించమంటారు” అంది ఒకామె.

“కప్పు ఏడుగురిది. ఆట ఒకరిది” అంది అనంతలక్ష్మి. “తన్మయి సర్వీసు అందుకోడానికి నేను ఎన్ని గోళ్ళు విరగ్గొట్టుకున్నానో మీకేం తెలుసు. జ్వరంతో కూడా వచ్చేది.”

“జ్వరంతో రావడం గొప్పేంది? మా అందరికీ అంటిచ్చినాది” అంది, చాముండి వెంట ఎప్పుడూ ఆట చూడ్డానికి వచ్చే దిల్షాద్. అందరూ నవ్వారు.

“శ్రీసుధకి నాలుగు కప్పులు” అంది ఇంకొకామె.

“అందులో ఒకటి ఎట్టొచ్చిందో అడగండి.” దిల్షాద్ ఆ మాట అనగానే నవ్వు ఆగిపోయింది.

అనంతలక్ష్మి చాముండి వైపు తిరిగింది. “చెప్పవే మరి. నీ వాక్యం కోసమే అందరం కూర్చున్నాం.”

చాముండి సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. జెర్సీ, దాని కింద తెల్ల గుడ్డ, నల్ల దారం. ఒకామె వంగి పైకే చదివింది.

“‘ఆమె బంతి ఎటు వస్తుందో ఆమె భుజం ఎన్నడూ ముందు చెప్పలేదు, నేనెన్నడూ పసిగట్టలేదు, 2020 ఫైనల్లో మాత్రం నా ఒంటికి తగలని బంతికి ఆమె తన చెయ్యెత్తి కప్పు గెలిచింది. చాముండేశ్వరి.’”

అనంతలక్ష్మి గుడ్డను తనవైపు లాక్కుని మళ్ళీ చదువుకుంది.

“ఇదేంటే” అంది అనంతలక్ష్మి. “గోడ మీద నిందలు రాస్తామా? పొద్దున్నే ఇడ్లీ తినడానికొచ్చేవాళ్ళు చదివితే ఏమనుకుంటారు?”

“నియమం నువ్వే పెట్టినవ్ అక్కా. వలకు అవతల నిలబడి దెబ్బ తిన్నోళ్ళు చెప్పాలన్నవ్. తిన్న. చెప్పిన.”

“మొదటి సగం ఉంచి రెండో సగం తీసేద్దాం. ఎంత బాగుందో మొదటి సగం.”

“బఖియా వేసిన. తీస్తే తూట్లు మిగుల్తయ్. తూట్ల గుడ్డ పెట్టుకుంటరా, పెట్టుకోండి. ఎందుకున్నయని అడిగినోళ్ళందరికీ నేను చెప్త.”

“ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నావా?”

“కడుపుల కాదక్కా. మోకాలిల.”

అక్షరం మార్చకూడదన్నది వాళ్ళ మాటే. మిగిలింది ఒక్కటే. శ్రీసుధ వద్దనుకుంటే సరి, తన్మయి ఉంది. అనంతలక్ష్మి గొంతు సవరించుకుని ఆమెను పిలిచింది.

శ్రీసుధ వచ్చి గుడ్డ ముందు నిలబడింది. చదివింది. చాముండి ఆమె మొహం వంకే చూస్తోంది. ఇన్నేళ్ళూ ఊహించుకున్న మొహం ఇదే. అబద్ధమని అరిస్తుందని, లేదా జెర్సీ లాక్కుని వెళ్ళిపోతుందని అనుకుంది. ఏది చేసినా తనదే గెలుపు. అరిస్తే అందరి ముందూ అడుగుతుంది. వెళ్ళిపోతే వెళ్ళిపోయిందని అందరికీ తెలుస్తుంది.

శ్రీసుధ గుడ్డను తిరగేసి వెనకవైపు చూసింది. వెనక కూడా ఒక్క దారం కొస వేలాడడం లేదు.

“‘అబద్ధం’ అన్న మాట రాయలేదేం అక్కా?” అని అడిగింది.

“రాస్తే నువ్వు కాదంటవు. తగలని బంతి అన్న. కాదంటవా?”

“వద్దనుకోవచ్చమ్మా, నీ ఇష్టం” అని అనంతలక్ష్మి మెల్లగా అందించింది. “ఎవరూ ఏమీ అనుకోరు.”

శ్రీసుధ గోడ మీద ఉన్న పాత జెర్సీల వంక ఒకసారి చూసింది. పక్కనున్న ఖాళీలో మేకు ముందే కొట్టి ఉంది. తర్వాత కుడిచెయ్యి పైకెత్తింది. మోచేయి తిన్నగా, అరచెయ్యి తెరిచి, బంతి ఒంటికి తగిలినప్పుడు తగిలినవాళ్ళు ఎత్తేటట్టు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ చెయ్యి అర్థమైంది. చెయ్యెత్తాక వాదన లేదు. అది వాళ్ళ ఆచారం.

“పెట్టండి” అంది శ్రీసుధ, చెయ్యి దించాక. “నాకు గోడ కావాలి.”

అనంతలక్ష్మి ఊపిరి వదిలింది. ఎవరో టీలు చెప్పారు. ఇద్దరు ముగ్గురు చాముండి భుజం తట్టారు, ఇక మర్చిపొమ్మని, పెద్దమనసు చేసుకొమ్మని. చాముండి ఆ చేతులను తోసెయ్యలేదు, ఒప్పుకోనూ లేదు. శ్రీసుధ ఆమె దగ్గరికి రాబోయి, ఆ మొహం చూసి, మధ్యలోనే ఆగి తన చేతిసంచి తీసుకుంది. చాముండి పిలవలేదు. చెయ్యెత్తినందుకు మోకాలు తిరిగి రాదు.

మరుసటి వారం అద్దం కట్టించి తెచ్చారు. హోటల్ కుర్రాడు మేకుకు తగిలించి దిగాడు. అందరూ బాగుందన్నారు. చాముండి దూరంగా నిలబడి తల వంచి చూసింది.

“వంకరుంది” అంది.

“బాగానే ఉంది లేవే” అంది అనంతలక్ష్మి. “ఇప్పటికైనా చల్లబడ్డావా?”

చాముండి కుర్చీ లాక్కుని, గోడ పట్టుకుని, బాగున్న కాలు ముందుపెట్టి పైకెక్కింది. అద్దాన్ని వేలితో నెట్టి తిన్నగా చేసింది. అక్షరాల మీద దుమ్ము పడకుండా కొంగుతో తుడిచింది. తర్వాత మెల్లగా దిగింది.

ఇప్పటికీ గుడ్డలు కొనడానికి కరామా వచ్చినప్పుడల్లా ఆమె ఆ హోటల్లో టీ తాగుతుంది. ఏ బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోదు. ఆ గోడకు ఎదురుగా ఉన్న బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉంటుంది. ఒకసారి శ్రీసుధ ఎవరో చుట్టాలను వెంటబెట్టుకొచ్చి వాళ్ళకు తన జెర్సీ చూపిస్తోంది. చుట్టాలావిడ కింద ఏం రాసుందని అడిగింది. శ్రీసుధ ఎదురుబల్ల వైపు చూసింది. చాముండి టీ చప్పరిస్తూ, కదలకుండా, ఆమె చదివి వినిపించేదాకా కూర్చుంది.